ఒలికితే ఎక్కడికి పోతుంది?

పోయిన సంచికలో ఇక్కడి వాషింగ్టన్ రాష్ట్రంలోని శాన్ వాన్ దీవుల ప్రయాణం గురించి రాస్తూ "సూషా దీవి దగ్గర లంగరు వేసి పప్పూ అన్నం వండుకున్నాం" అని ఒక్క వాక్యం రాశాను. దీవుల గురించి ఒక్కరూ అడగలేదు. అందరూ ఆ పప్పు మీదే పడ్డారు. దేని మీద వండారు, ఎలా వండారు, పడవ అంటుకోదా అని. సరే, ఈసారి శీర్షికంతా పొయ్యికే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: మేం బెల్‌వ్యూలో ఉంటాం. ఈ వేసవి ముందు 1978 నాటి కెటలినా 27 తెరచాప పడవ కొన్నాం. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు (తొమ్మిదేళ్ళు, ఆరేళ్ళు). పడవతో పాటు రెండు బర్నర్ల పాత ఆల్కహాల్ స్టవ్ వచ్చింది. పంపు కొట్టి వెలిగించాలి. మొదటిసారి వెలిగిస్తే మంట క్యాబిన్ కప్పు దాకా లేచింది. మా ఆవిడ ఇక దాని దగ్గరికి రానంటోంది. తీసేసి ప్రొపేన్ పెట్టించమని ఒకరు, ఇంట్లో ఉన్న క్యాసెట్ స్టవ్ (చిన్న బ్యూటేన్ గ్యాస్ డబ్బా పక్కన పెట్టి వెలిగించేది) పట్టుకెళితే చాలని ఇంకొకరు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఆవిడ చెప్పినట్టు చేయండి. ఆ స్టవ్ తీసేయండి.

అది చెడ్డ స్టవ్ అని కాదు, దానికి ఓపిక కావాలి. బర్నర్ కింద చిన్న గిన్నెలా ఉంటుంది. అందులో కాస్త స్పిరిట్ (ఆ ఆల్కహాలే) పోసి వెలిగించి, బర్నర్ బాగా వేడెక్కాకే వాల్వు తిప్పాలి. వేడి చాలకపోతే లోపలి స్పిరిట్ ఆవిరి కాకుండా ద్రవంగానే చిమ్ముతుంది. మీరు చూసిన మంట అదే. ఆ రోజుల్లో అమెరికాలో చిన్న పడవలకి ఇవే పెట్టేవారు, ఆల్కహాల్ మంట నీళ్ళతో ఆరుతుంది కదా అన్న ధీమాతో. ఆరుతుంది, నీళ్ళు సరిపడా పోస్తే. చెంబెడు విసిరితే మాత్రం మండుతున్న స్పిరిట్ ఆ నీళ్ళతో పాటే పారి గట్టు మీంచి పరుపు మీదికి పోతుంది.

ఏ పొయ్యి చూసినా నేను అడిగేది ఒక్కటే: ఇందులో ఉన్నది ఒలికితే ఎక్కడికి పోతుంది? ఇంట్లో గ్యాస్ లీకైతే తలుపులూ కిటికీలూ తీస్తాం, పోతుంది. పడవ అలా కాదు. పడవంటే నీళ్ళు లోపలికి రాకుండా కట్టిన గిన్నె. నీళ్ళు రాని గిన్నెలోంచి గ్యాసూ బయటికి పోదు. ప్రొపేన్ గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు, బ్యూటేన్ రెండు రెట్లు. రెండూ నీళ్ళలాగే కిందికి జారి, నేల పలకల కింద బిల్జ్‌లో చేరి కూర్చుంటాయి. గాలిలో రెండు శాతం కలిస్తే చాలు, పేలడానికి సిద్ధం. ఆ బిల్జ్‌లోనే పంపు ఉంటుంది, దాని పక్కనే ఇంజన్ ఉంటుంది. ఒక్క స్పార్క్ చాలు.

అందుకని ప్రొపేన్ పెట్టించాలంటే స్టవ్ ఒక్కటే కొంటే అవదు. సిలిండర్‌కి డెక్ మీద విడిగా పెట్టె కావాలి. దాని మూత పైనుంచి తెరుచుకోవాలి, లోపలికి సందు ఉండకూడదు, అడుగున గొట్టం పెట్టి దాన్ని పడవ బయటికి, నీటి మట్టానికి పైన తేల్చాలి. పెట్టెలో ప్రెజర్ గేజ్, పొయ్యి దగ్గర నుంచే గ్యాస్ కట్టేసే ఎలక్ట్రిక్ వాల్వు, క్యాబిన్‌లో అడుగున గ్యాస్ అలారం కూడా ఉండాలి. ఇరవై ఏడు అడుగుల పడవలో ఆ పెట్టెకి చోటు వెతకడమే పెద్ద పని, పైగా ఖర్చు స్టవ్‌ని దాటిపోతుంది. ముప్పై ఆరు అడుగుల పడవలో సంసారం పెట్టినవాళ్ళయితే ప్రొపేనే పెట్టుకోండి అంటాను, దానంత చక్కటి మంట ఇంకోటి లేదు. ఇప్పటికే ప్రొపేన్ ఉన్నవాళ్ళు నెలకు రెండుసార్లు ఈ పరీక్ష చేయండి: బర్నర్లు కట్టేసి, ఎలక్ట్రిక్ వాల్వు తెరిచే ఉంచి, సిలిండర్ తిప్పి, గేజ్ ముల్లు ఎక్కడుందో చూసి, సిలిండర్ మళ్ళీ కట్టేసి పది నిమిషాలు ఆగండి. ముల్లు కిందికి దిగిందంటే ఎక్కడో కారుతోంది. టీ మానుకుని అదెక్కడో వెతకండి.

క్యాసెట్ స్టవ్ సంగతి. ఒప్పుకుంటాను, మేం పడవ కొన్న మొదటి రెండేళ్ళూ దాని మీదే వండాం. చవక, టక్కున వెలుగుతుంది. కానీ ఆ 227 గ్రాముల డబ్బాలు రేకువి, ఉప్పు గాలికి ఒక్క వేసవిలో అంచు వెంట తుప్పు పడతాయి. వాటిని బల్ల కింద అరలో పెట్టుకున్నామంటే గ్యాస్‌ని గిన్నెలో దాచుకున్నట్టే. పైగా స్టవ్‌ని దేనికీ బిగించం. పక్కనుంచి ఫెర్రీ వెళ్ళిందంటే అల వచ్చి స్టవ్ గట్టు మీద నడుస్తుంది. ఏప్రిల్ పొద్దుటి చలిలో బ్యూటేన్ సరిగ్గా ఆవిరి కాక మంట కునికిపాట్లు పడుతుంది కూడా. లంగరు వేశాక, పైన కాక్‌పిట్‌లో (పడవ వెనక ఆరుబయట కూర్చునే చోటు), గాలి లేని సాయంత్రం దాని మీద దోసెలు పోసుకోండి, బావుంటుంది. పెనం మాత్రం డబ్బా ఉన్న వైపు కప్పేంత పెద్దది వద్దు, డబ్బా వేడెక్కుతుంది. డబ్బాలు కూడా బయటే, గాలి ఆడే చోట ఉంచండి. క్యాబిన్‌లోకి దించకండి.

మీకు నేను చెప్పేది పంపు లేని ఆల్కహాల్ స్టవ్. ఇందులో ప్రెజర్ ఉండదు. గుండ్రటి స్టీలు డబ్బా, లోపల దూది లాంటిది కూరి ఉంటుంది. స్పిరిట్ పోస్తే దూది పీల్చుకుంటుంది. పైన జల్లెడ మూతిలోంచి ఆవిరి వచ్చి మండుతుంది. మన ప్రమిదకి కాస్త చదువు చెప్పించినట్టు ఉంటుంది. డబ్బా పక్కకి ఒరిగినా స్పిరిట్ దూదిలోనే ఉంటుంది. ఒరిగో 3000 అని రెండు బర్నర్లది ఈ రకంలో పేరున్నది. ఇప్పుడు తయారీ ఆపేశారు. పాతవి పడవ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి, అదే పద్ధతిలో వేరే కంపెనీల కొత్తవీ ఉన్నాయి. డబ్బాకి 1.2 లీటర్లు పడుతుంది. మా ఇద్దరికి లీటరు స్పిరిట్ మూడు రోజులు వస్తుంది, మా ఆయన టీలతో సహా.

దీని లోపాలు కూడా వినండి. మంట నెమ్మది. లీటరు నీళ్ళు మరగడానికి మా పడవలో తొమ్మిది నిమిషాలు. బరువుకు బరువు చూస్తే స్పిరిట్‌లో ఉన్న వేడి ప్రొపేన్‌లో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. రెండో లోపం నా కనుబొమలకి తెలుసు. 2009లో పోర్ట్ టౌన్‌సెండ్‌లో మధ్యాహ్నం పూట, అన్నం సగంలో ఉండగా మంట ఆరిపోయింది. అయిపోయిందనుకుని డబ్బా తీసి, అది వేడిగా ఉండగానే స్పిరిట్ పోశాను. ఆరలేదు. అడుగున చిన్న నీలం మంట ఉండే ఉంది, పగటి వెలుతురులో కనిపించలేదు. భగ్గుమంది. మా ఆయన తడి తువ్వాలు కప్పారు. ముప్పై ఏళ్ళు స్కూల్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఆ రోజు పిల్లలెవరూ చూడలేదని సంతోషించాను.

అప్పటి నుంచి మా పడవలో వంట మధ్యలో నింపడం లేదు. స్పిరిట్ అయిపోతే ఆ పూటకి అటుకులు. డబ్బా చల్లారాక, అరచేత్తో పట్టుకుని చూసి, పైకి కాక్‌పిట్‌లోకి తీసుకెళ్ళి నింపుతాను. దూది పీల్చుకోగా మిగిలింది వంచేస్తాను, అంచు తుడుస్తాను, చేతులు కడుక్కుంటాను, అప్పుడే కిందికి. పొయ్యి వాడనప్పుడు డబ్బా మూతి మీద రబ్బరు బిళ్ళ పెట్టండి, లేకపోతే వారంలో సగం గాలిలో కలిసిపోతుంది. స్పిరిట్ డీనేచర్డ్ ఆల్కహాల్ అని రాసి ఉన్నదే కొనండి. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ పోస్తే గిన్నె అడుగు బొగ్గవుతుంది.

మీ పడవలో ఇంకో రెండు విషయాలు చూడండి. అగ్నిమాపక సిలిండర్ పొయ్యి వెనక గోడకు ఉంటే తీసేయండి. మంట మీంచి చెయ్యి చాచి దాన్ని అందుకోలేరు. ఒకటి మెట్ల దగ్గర, కాక్‌పిట్‌లో నిలబడి వంగితే అందేలా బిగించండి, ఇంకొకటి ముందు క్యాబిన్‌లో. వాటి మీద తయారైన సంవత్సరం చూడండి, వాడి పారేసే రకానికి పన్నెండేళ్ళే ఆయుష్షు.

రెండోది పిల్లలు. వంట సాగుతున్నంత సేపూ వాళ్ళని లైఫ్ జాకెట్లతో పైన కూర్చోబెట్టండి, మీరు వాళ్ళ దగ్గర ఉండండి. ముందు క్యాబిన్‌లో బొమ్మలిచ్చి కూర్చోబెడితే అడ్డం రారు కదా అనిపిస్తుంది. కానీ మీ పడవలో పొయ్యి ఉన్నది మెట్ల పక్కన. మంట లేస్తే వాళ్ళు దానికి అవతల చిక్కుకుంటారు. ముందున్న పై తలుపు ఆరేళ్ళ పిల్ల లోపలి నుంచి తీయగలదా? ఒకసారి తీయించి చూడండి.

రేవులో కట్టేసి ఉన్నాం కదా అని ధీమా కూడా వద్దు. 2023 నవంబరు 19 రాత్రి మా విశాఖ చేపల రేవులో అంటుకున్న నిప్పు పక్క పక్కనే కట్టిన మర పడవల్లో ముప్పైకి పైగా మింగేసింది. ఫైబర్‌గ్లాస్ అంటుకుంటే ఆగేది కాదు, ఇక్కడి మన రేవుల్లో ఉన్నవి చాలావరకు అవే.

ప్రశ్న: వాంకూవర్ నుంచి రాస్తున్నాను. మా వారికి పడవ పిచ్చి, నాకు అన్నం లేకపోతే గడవదు. పడవలో ప్రెజర్ కుక్కర్ వాడొచ్చా అక్కా? ఊగుతుంటే ప్రమాదం కదా? స్టవ్‌కి జింబల్ ఉంటేనే వండాలంటున్నారు, అదేమిటి?

జవాబు: పడవలో కుక్కర్ ప్రమాదం కాదమ్మా, పడవ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. మూత బిగించి ఉంటుంది కాబట్టి బోర్లా పడినా వేడి అన్నం మీద పడదు. మామూలు గిన్నె ఆ హామీ ఇవ్వదు. పడవ నడుస్తున్నప్పుడు చారు కాచినా కుక్కర్లోనే కాస్తాను, వెయిట్ పెట్టకుండా, మూత మాత్రం బిగించి.

మూడు లీటర్లది చాలు, సగానికి మించి నింపకండి. నేను చేసే పద్ధతి ఇది. లంగరు వేయడానికి అరగంట ముందే బియ్యం ఒక గిన్నెలో, కందిపప్పు ఒక గిన్నెలో కడిగి నానబెట్టేస్తాను. లంగరు పట్టిందో లేదో చూసుకునేసరికి అవి నానిపోతాయి. పప్పు అడుగున, అన్నం గిన్నె పైన. ఒక్క విజిల్ వచ్చాక స్టవ్ ఆర్పేసి, కుక్కర్‌ని ఎత్తి సింకులో పెట్టి, పాత దుప్పటి చుట్టేస్తాను. ఇరవై ఐదు నిమిషాలు దాని జోలికి వెళ్ళను. ఆ వేడికే మిగతాది ఉడికిపోతుంది, స్పిరిట్ సగం మిగులుతుంది. పప్పు మన ఇంట్లోలా వెన్నలా కాదు, కాస్త పలుకుంటుంది. మెదుపుకోండి. ఊగే పడవలో ఆత్రపడి వెయిట్ ఎత్తి ఆవిరి వదలడం మాత్రం చేయకండి.

సింకు అన్నాను కదా, పడవలో వేడి వస్తువు పెట్టడానికి అంతకంటే భద్రమైన చోటు లేదు. నాలుగు వైపులా గోడలుంటాయి. టీ వడగట్టేటప్పుడు కప్పులు కూడా సింకులో నిలబెట్టే పోయండి, చేత్తో పట్టుకుని కాదు.

ఇక జింబల్. స్టవ్‌ని రెండు పక్కలా ఇరుసుల మీద ఉయ్యాలలా వేలాడదీస్తారు. పడవ గాలికి ఒక పక్కకి ఒరిగినా స్టవ్ తన బరువుకి తాను నిటారుగా ఉంటుంది. కింద ఓవెన్ ఉన్న బరువైన స్టవ్‌కి ఇది బాగా కుదురుతుంది. తేలికపాటి స్టవ్ మీద నిండు కుక్కర్ పెడితే బరువంతా పైకెక్కి, నిటారుగా ఉండాల్సింది తలకిందులవుతుంది. మీది చిన్న పడవైతే జింబల్ కోసం బెంగ పడకండి. గిన్నెని కదలకుండా పట్టే కడ్డీలు స్టవ్ చుట్టూ బిగించుకోండి. పడవ నడుస్తున్నప్పుడు మేం టీ, చారు తప్ప ఏదీ పెట్టుకోం. నిలబడేటప్పుడు గిన్నె జారితే ఎటు పడుతుందో చూసుకుని, ఆ దారిలోంచి తప్పుకుని నిలబడండి. నిక్కర్లతో, ఉత్త కాళ్ళతో వండకండి. ఎండాకాలమైనా నేను వాన ప్యాంటు వేసుకునే పొయ్యి దగ్గరికి వెళ్తాను. చూసినవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి.

తాలింపు వద్దు. ఇది చెప్పడానికి నాకూ కష్టంగానే ఉంది. కానీ కాలిన నూనె అంటుకున్నట్టు ఇంకేదీ అంటుకోదు, పడవలో పారిపోవడానికి రెండో గది లేదు. ఇంట్లోనే ఆవాలు, మిరపకాయలు, ఇంగువ, కరివేపాకు వేసి బాగా వేయించి చిన్న సీసాలో పోసుకెళ్ళండి. దింపిన పప్పులో రెండు చెంచాలు కలుపుకుంటే చుయ్యిమనే చప్పుడు ఒక్కటే తక్కువ.

వండేటప్పుడు ఎంత చలైనా పై తలుపు బెత్తెడు తెరిచే ఉంచండి. లీటరు స్పిరిట్ కాలితే దాదాపు లీటరు నీళ్ళు ఆవిరై క్యాబిన్‌లో తిరుగుతాయి. కిటికీలు కారతాయి, పరుపులు చెమ్మగిల్లుతాయి. అది విసుగు మాత్రమే. అసలు భయం కార్బన్ మోనాక్సైడ్. వాసన ఉండదు, రంగుండదు. పడుకునే చోట అలారం పెట్టండి. రాత్రి చలేస్తోందని పొయ్యి వెలిగించి నిద్రపోవడం ఎప్పటికీ వద్దు.

ప్రశ్న: హ్యూస్టన్‌లో ఉంటాను. మా నాన్నగారి ఇత్తడి పంపు స్టవ్ రాజమండ్రి నుంచి తెచ్చుకున్నాను, ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. గాల్వెస్టన్ బే‌లో మా చిన్న పడవలో వాడొచ్చా? ఒకప్పుడు సముద్రాలు దాటినవాళ్ళంతా కిరసనాయిలే వాడేవారట కదా?

జవాబు: నిజమే. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన ప్రైమస్ స్టవ్ చేశాక, ఆ బర్నరే పడవల్లోకీ, మన వంటిళ్ళలోకీ వచ్చింది. ఒలికితే ఎక్కడికి పోతుందన్న నా ప్రశ్నకి కిరసనాయిలంత మంచి జవాబు ఇచ్చేది ఇంకోటి లేదు. ఒలికితే అక్కడే ఉంటుంది. అగ్గిపుల్ల పడినా వెంటనే అంటుకోదు. గబ్బు మాత్రం నెల రోజులు కొడుతుంది, అది కూడా ఒకందుకు మంచిదే, కారిందని తెలుస్తుంది.

అయినా మీ నాన్నగారి స్టవ్ వద్దంటాను. భీమిలిలో మా అమ్మ రోజూ పొద్దున్నే స్పిరిట్‌లో ముంచిన గుడ్డ పీలిక బర్నర్‌కి చుట్టి వెలిగించి, అది కాలుతుండగా పంపు కొట్టేది. ఒక పంపు ఎక్కువైతే ఎర్ర మంట, నల్ల పొగ. మధ్యలో మూతి మూసుకుపోతే పిన్ను. ఆ పిన్నుల పొట్లం తాళం చెవుల గుత్తికే కట్టుకునేది. ఇదంతా కదలని నేల మీద, ముక్కాలి పీట వేసుకుని. ఆ రోజుల్లో పేపర్లో వారం వారం "స్టవ్ పేలి కోడలు మృతి" అని వచ్చేది. ఆ చావుల్లో చాలావాటికి స్టవ్ దోషి కాదని ఊరందరికీ తెలుసు, కానీ మంట పెరిగితే అమ్మ మమ్మల్ని పెరట్లోకి తరిమేది.

మీ స్టవ్‌కి మూడు కాళ్ళున్నాయి, బిగించడానికి ఒక్క చోటూ లేదు. ఒత్తిడితో ఉన్న నూనె ట్యాంకు మంటకు జానెడు కింద ఉంది. పడవ కోసం చేసిన కిరసనాయిలు స్టవ్‌లలో ట్యాంకు దూరంగా విడిగా ఉంటుంది, రాగి గొట్టంతో నూనె వస్తుంది. కిరసనాయిలే కావాలనుకుంటే అలాంటిది వెతుక్కోండి. నాన్నగారి స్టవ్‌ని చింతపండుతో తోమి హాల్లో పెట్టుకోండి.

ప్రశ్న: మంటే లేకుండా ఇండక్షన్ పెట్టుకుంటే గొడవే ఉండదు కదా? (ఫ్రీమాంట్)

జవాబు: రేవులో కరెంటు ప్లగ్ ఉన్నంత సేపూ ఉండదు. లంగరు వేశాక లెక్క కట్టాలి. వెయ్యి వాట్ల ఇండక్షన్ అంటే 12 వోల్టుల బ్యాటరీ నుంచి తొంభై ఆంపియర్లకు పైనే లాగుతుంది, సన్న తీగలు కాలిపోతాయి. మీ దగ్గర వంద ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంటే అందులో ఉన్నది సుమారు 1280 వాట్ అవర్లు. ఒక పూట అన్నం, పప్పుకి మూడు వందలు పోతాయి. దీపాలు, ఫ్రిజ్, ఫోన్లు కూడా దాని మీదే. సోలార్ పలకలూ మంచి ఇన్వర్టరూ ఉంటే పెట్టుకోండి. మా పడవలో అంత లేదు, రేవులో ఉన్నప్పుడు మాత్రం రైస్ కుక్కర్ ప్లగ్గులో పెట్టేస్తాను.

ప్రశ్న: తప్పుగా అనుకోకండి. మనవాళ్ళకి ఈ పడవలూ, అందులో వంటలూ ఎందుకండీ? ఇంటి నుంచి పులిహోర కట్టుకెళితే సరిపోదా? (డాలస్)

జవాబు: మనవాళ్ళకి ఎందుకంటే, 2017 సెప్టెంబరు 10న గోవాలో తారిణి అనే తెరచాప పడవ ఎక్కి, భూమి చుట్టి 2018 మే 21న మళ్ళీ గోవాలోనే దిగిన ఆరుగురు నేవీ ఆడపిల్లల్లో ఇద్దరు మనవాళ్ళే. స్వాతిది విశాఖ, ఐశ్వర్యది హైదరాబాద్. ఎనిమిది నెలలకు పైగా పులిహోరతో గడవదు కదండీ.

మొదటి రోజుకి మాత్రం మీరన్నదే సరి. నేనూ అదే చేస్తాను. రేవు దాటి, తెరచాప ఎత్తి, కడుపు ఊగుడుకి అలవాటు పడేదాకా ఎవరికీ కింద నిలబడి వండే ఓపిక ఉండదు. నిమ్మకాయ పులిహోర కాదు, చింతపండుదే. రెండో రోజు పొద్దున్న కూడా బావుంటుంది.